చిన్న విషయాల్లో నిజాయితీ: విశ్వాసి రోజువారీ సాధనకు ఒక మార్గదర్శి

దొంగసాక్ష్యం చెప్పమని ఎవరైనా అడిగితే మనలో చాలామంది వెంటనే కాదంటారు. లెక్కలు మార్చి పెద్ద మొత్తం కాజేయమంటే వణికిపోతారు. అదే మనుషులు ఇంకా ఇంట్లోనే ఉండి ఫోన్‌లో "దారిలో ఉన్నాను" అని ఆలోచించకుండా అనేస్తారు. చదవని నిబంధనల కింద "చదివాను, అంగీకరిస్తున్నాను" అని టిక్ పెడతారు. "మీ కోసం ప్రార్థన చేస్తున్నాను" అని మెసేజ్ పంపి, ఆ పేరును దేవుని ముందు ఒక్కసారి కూడా ఎత్తరు.

ఈ మార్గదర్శి ఇలాంటి చిన్న విషయాల గురించే. "మిక్కిలి కొంచెములో నమ్మకముగా ఉండువాడు ఎక్కువలోను నమ్మకముగా ఉండును" (లూకా 16:10) అని ప్రభువు అన్నాడు. కొంచెం దగ్గర నిలబడేదీ, ఎక్కువ దగ్గర నిలబడేదీ ఒకే మనిషి. చిన్న మాటకు ఒక మనస్సాక్షి, పెద్ద మాటకు ఇంకో మనస్సాక్షి మనకు లేవు.

అబద్ధమాడకూడదని తెలియనివాళ్లు సంఘంలో ఎవరూ ఉండరు. తెలిసినా నోరు జారుతుంది. నేను చూసినంతలో దీనికి రెండు కారణాలు. ఆ క్షణంలో చెప్పడానికి నిజమైన మాట మన దగ్గర సిద్ధంగా ఉండదు. జారిన తర్వాత వెనక్కి వెళ్లి దిద్దుకునే అలవాటు మనకు ఉండదు. బోధ చాలాసార్లు "అబద్ధమాడొద్దు" దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఇక్కడ మాటను సిద్ధం చేసుకోవడానికీ, దిద్దుకోవడానికీ ఎక్కువ చోటు ఇచ్చాను.

మొదలుపెట్టే ముందు ఒక విషయం. ఈ పనులన్నీ చేసి దేవుని దగ్గర మంచి పేరు సంపాదించుకోవాలని అనుకోకండి. యెరికోలో పన్నులు వసూలు చేసే జక్కయ్య కథను వరసగా చదవండి (లూకా 19:1-10). మొదట యేసే అతన్ని పేరు పెట్టి పిలిచాడు, "నేడు నీ ఇంట ఉంటాను" అన్నాడు. అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానని జక్కయ్య ఆ తర్వాతే అన్నాడు. తనను పూర్తిగా తెలిసినవాడే తన ఇంటికి వచ్చాడు కాబట్టి అతనికి ఇక దాచుకోవాల్సింది మిగల్లేదు. మీరు కూడా ఆ చోటు నుంచే మొదలుపెట్టండి. భయంతో మొదలుపెడితే రెండు వారాల్లో వదిలేస్తారు.

1. మొదటి వారం గమనించడమే పని

మొదటి వారం దేన్నీ మార్చడానికి ప్రయత్నించకండి. రోజూ పడుకునే ముందు కొద్దిసేపు కూర్చుని ఆ రోజు మీ నోటి నుంచి వచ్చిన నిజం కాని మాటల్ని ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫోన్‌లో రాసుకున్నా ఫరవాలేదు, ఎవరికీ కనబడకుండా ఉంటే చాలు. రాసే ముందు 139వ కీర్తన చివరి రెండు వచనాలు చదవండి. దేవా, నన్ను పరిశోధించి నా హృదయాన్ని తెలుసుకో అని దావీదు అడిగిన ప్రార్థన అది. పరిశోధించేది ఆయన, మీరు పక్కన కూర్చుని చూస్తున్నారంతే.

16వ శతాబ్దంలో కాథలిక్ గురువు ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన దైనందిన ఆత్మపరిశీలనలో మొదటి మెట్టు పాపాల లెక్క కాదు, ఆ రోజు దేవుడు చేసిన మేలులకు కృతజ్ఞత చెప్పడం. ఏ సంఘానికి చెందినవాళ్లయినా ఈ వరస పాటించడం మంచిదని నా అభిప్రాయం. కృతజ్ఞతతో మొదలైతే మన తప్పును చూసుకునేటప్పుడు నలిగిపోం.

ఒక్కో మాట పక్కన మూడు విషయాలు రాయండి: నేను ఏమన్నాను, అసలు నిజం ఏమిటి, ఆ మాటతో దేన్ని కాపాడుకున్నాను. మూడోది అన్నిటికంటే ముఖ్యం. వారం గడిచాక ఆ మూడో వరసను మాత్రం పైనుంచి కిందికి చదవండి. ఒకటే మాట పదే పదే కనిపిస్తుంది. కొందరికి అది పరువు: తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పడం, చదవని పుస్తకం గురించి తలూపడం. కొందరికి శ్రమ తప్పించుకోవడం, కొందరికి డబ్బు. చాలామందికి మాత్రం మొహమాటం. ఎదుటివాళ్లు నొచ్చుకుంటారేమో, మనల్ని తక్కువగా అనుకుంటారేమో అని ఆ క్షణానికి నోటికి వచ్చింది అనేస్తాం.

అబ్రాహాము జీవితంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఐగుప్తులో భార్య శారాను చెల్లెలని చెప్పించాడు (ఆదికాండము 12). చాలా ఏళ్ల తర్వాత గెరారులో మళ్లీ అదే మాట అన్నాడు (ఆదికాండము 20). ఎందుకన్నావని అక్కడి రాజు అబీమెలెకు నిలదీస్తే, ఇక్కడ దేవుని భయం లేదు, నన్ను చంపుతారనుకున్నాను అన్నాడు. ఊరు మారినా భయం మారలేదు, కాబట్టి అబద్ధమూ మారలేదు. మీ నోట్‌బుక్‌లో కనిపించే భయం పేరు తెలిస్తే, రాబోయే అబద్ధం ఏ సందర్భంలో వస్తుందో ముందే చెప్పగలరు.

2. ఏది అబద్ధం, ఏది కాదు

ఈ మెట్టు దాటవేయకండి. ఇక్కడ స్పష్టత లేకపోతే ఒక పక్క అర్ధసత్యాలను సమర్థించుకుంటాం, ఇంకో పక్క ఉన్నదంతా కక్కేయడమే నిజాయితీ అనుకుంటాం.

క్రైస్తవ వేదాంతి అగస్టీన్ 4వ శతాబ్దం చివర్లో అబద్ధం గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. ఆయన దృష్టిలో అబద్ధానికి గుర్తు మోసగించాలనే ఉద్దేశం. పొరపాటున తప్పు సమాచారం ఇచ్చినవాడు అబద్ధికుడు కాడు. ఆ గుర్తుతో చూస్తే, నా దృష్టిలో, అక్షరాలా నిజమైన మాటతోనే ఎదుటివాణ్ణి తప్పుదారి పట్టించేవాడు తప్పించుకోలేడు. శారా నిజంగానే అబ్రాహాముకు తండ్రి వైపు చెల్లెలు (ఆదికాండము 20:12). మాట నిజమే, ఉద్దేశం మోసం.

అననీయ, సప్పీరాల విషయంలో (అపొస్తలుల కార్యములు 5) చాలామంది పొరబడతారు. వాళ్లు పొలం అమ్మిన సొమ్ము అంతా ఇవ్వలేదు కాబట్టి శిక్ష పడిందనుకుంటారు. పేతురు మాటలు జాగ్రత్తగా చదవండి. పొలం నీ దగ్గర ఉన్నప్పుడు నీదే, అమ్మిన తర్వాత సొమ్మూ నీ చేతిలోనే ఉంది కదా అన్నాడు. కొంత ఇచ్చి కొంతేనని చెప్పి ఉంటే ఏ ఇబ్బందీ లేదు. కొంత ఇచ్చి అంతా ఇచ్చినట్టు కనిపించాలనుకున్నారు. మన చిన్న అబద్ధాల్లో ఎక్కువ భాగం ఈ జాతివే, ఉన్నదానికంటే మెరుగ్గా కనబడటానికి ఆడేవి.

కాబట్టి ఏదైనా మాట అనే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే. ఈ మాట విన్నాక వాళ్లు ఏం నమ్మాలని నేను కోరుకుంటున్నాను, అది నిజమేనా? జవాబు కాదు అయితే, మాటలు ఎంత సరిగ్గా ఉన్నా అది అబద్ధమే.

మౌనం వేరు. హేరోదు ఎన్ని ప్రశ్నలు అడిగినా యేసు జవాబివ్వలేదు (లూకా 23:9). అడిగిన ప్రతివాడికీ మన జీవితం మొత్తం విప్పి చెప్పే బాధ్యత మనకు లేదు. ఇతరుల రహస్యం కాపాడటం నమ్మకస్తుల లక్షణమని సామెతలు 11:13 అంటుంది. ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. 1640ల్లో తయారైన వెస్ట్‌మినిస్టర్ పెద్ద ప్రశ్నోత్తరి (క్రైస్తవ బోధను ప్రశ్నలు, జవాబులుగా చెప్పే గ్రంథం), దొంగసాక్ష్యం చెప్పకూడదనే ఆజ్ఞను వివరిస్తూ, నిజాన్ని అకాలంలో చెప్పడాన్నీ, కీడు చేసే ఉద్దేశంతో చెప్పడాన్నీ పాపాల జాబితాలో చేర్చింది. ఉన్నదున్నట్టు చెప్పాను అంటూ మనుషుల్ని గాయపరిచేవాళ్లు దీన్ని మళ్లీ మళ్లీ చదవాలి.

ప్రాణాలు కాపాడటానికి అబద్ధమాడితే? ఫరో నుంచి మగపిల్లల్ని కాపాడిన మంత్రసానులు షిఫ్రా, పూయా, వేగులవాళ్లను దాచిన రాహాబు గుర్తొస్తారు. ఈ విషయంలో క్రైస్తవులు మొదటి శతాబ్దాల నుంచీ ఏకాభిప్రాయానికి రాలేదు. అగస్టీన్ అప్పుడు కూడా కూడదన్నాడు. హిట్లర్ పాలనలో 1943లో అరెస్టయిన జర్మన్ పాస్టర్ డీట్రిక్ బోన్‌హోఫర్ జైల్లో ఉండి ఈ ప్రశ్న మీద వేరేలా రాశాడు. తరగతి అందరి ముందూ "మీ నాన్న తాగి ఇంటికి వస్తాడా" అని టీచర్ అడిగితే, నిజం తెలిసీ లేదన్న పిల్లవాడి ఉదాహరణ తీసుకుని, అసలు తప్పు ఆ ప్రశ్న అడిగినవాడిదే అన్నాడు. లోతుగా ఆలోచించాల్సిన ప్రశ్నే. అయితే మన నోట్‌బుక్‌లో రాసుకున్న వాటిలో ప్రాణాలు కాపాడినవి ఎన్ని? రాహాబును అడ్డం పెట్టుకుని మన ఆలస్యాన్ని కప్పిపుచ్చుకోవడం ఆమెకు అన్యాయం.

3. నిజమైన మాటను ముందే సిద్ధం చేసుకోండి

చిన్న అబద్ధం ఆలోచించి ఆడేది కాదు, ప్రశ్న వచ్చిన అరక్షణంలో అలవాటు కొద్దీ వచ్చేది. ఆ అరక్షణంలో సంకల్పబలం మీద ఆధారపడితే ఓడిపోతాం. మన నోట్‌బుక్‌లో ఎక్కువసార్లు కనిపించిన సందర్భానికి సరిపడే నిజమైన వాక్యాన్ని ముందే తయారు చేసుకుని, ఒంటరిగా ఉన్నప్పుడు పైకి అనాలి. నోటికి అలవాటయ్యేదాకా అనాలి. పైకి అనకుండా మనసులో అనుకున్న వాక్యం అవసరానికి రాదు.

ఆలస్యమైనప్పుడు: "ఇంకా బయలుదేరలేదండీ. అరగంట పడుతుంది. మీరు ఆగలేకపోతే మొదలుపెట్టేయండి." ఇది చెప్పడానికి కష్టంగా ఉంటుంది. కానీ ఎదుటివాళ్లకు కావాల్సింది సరిగ్గా ఈ సమాచారమే. "దారిలో ఉన్నాను" అన్న మాట వాళ్ల సమయాన్ని దొంగిలిస్తుంది.

జవాబు ఇవ్వనప్పుడు: "మీ మెసేజ్ నిన్ననే చూశాను. జవాబు ఇవ్వకుండా ఉండిపోయాను, సారీ." నెట్‌వర్క్ మీదా ఫోన్ మీదా నెపం వేయనక్కర్లేదు.

పిలిచిన చోటికి వెళ్లడం ఇష్టం లేనప్పుడు: "పిలిచినందుకు చాలా సంతోషం అక్కా. ఆ రోజు నేను రాలేను." ఇక్కడ ఆగిపోండి. అబద్ధం పుట్టేది ఈ వాక్యంలో కాదు, దీని వెనక తగిలించే కారణంలో. కారణం చెప్పి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. రాలేనని చెప్పడానికి మొహమాటపడి "తప్పకుండా వస్తాను" అని వెళ్లకపోవడం ఇంకా ఘోరం. ద్రాక్షతోటకు వెళ్తానని తండ్రికి చెప్పి వెళ్లని కొడుకు (మత్తయి 21:28-31) అక్కడ మర్యాదగానే మాట్లాడాడు.

అప్పు అడిగినప్పుడు "నా దగ్గర లేవు" అనేది అందరి నోటా వచ్చే మాట. చేతిలో డబ్బు ఉండి ఇవ్వలేకపోతే, "నేను సర్దలేను అన్నయ్యా, ఏమీ అనుకోవద్దు" అనండి. చేయగలిగిన వేరే సాయం ఏదైనా ఉంటే అప్పుడే చెప్పండి. కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, నిజమే. ఆ ఇబ్బందిని భరించడమే ఇక్కడ విధేయత.

ఎవరైనా తమ పాట గురించో, రాసినదాని గురించో, ప్రసంగం గురించో అభిప్రాయం అడిగితే, నిజంగా నచ్చినదాన్ని వెతికి పట్టుకోవడం ప్రేమ. "రెండో భాగం నన్ను బాగా తాకింది. మొదట్లో మీరు ఎటు వెళ్తున్నారో నాకు కాస్త అర్థం కాలేదు." ప్రేమగలిగి సత్యం చెప్పమని ఎఫెసీ 4:15 అంటుంది. ప్రేమ లేని సత్యం, సత్యం లేని ప్రేమ రెండూ మనకు తేలికే. రెండింటినీ కలపడానికి సమయం కావాలి. వెంటనే చెప్పలేకపోతే "ఆలోచించి రేపు చెప్తాను" అని, రేపు నిజంగా చెప్పండి.

తెలియనప్పుడు "నాకు తెలియదు, కనుక్కుని చెప్తాను". ఇతరుల విషయం అడిగినప్పుడు "అది నేను చెప్పాల్సిన విషయం కాదండీ". ఇంట్లో ఉండి ఫోన్ ఎత్తలేనప్పుడు "లేరని చెప్పు" అని కాకుండా "ఇప్పుడు మాట్లాడలేరు, తర్వాత చేస్తారు అని చెప్పు". ఇక "బాగున్నారా" అంటే "బాగున్నాను" అనడం పలకరింపుకు పలకరింపు, దాన్ని నోట్‌బుక్‌లో రాసుకోనక్కర్లేదు. మీ కోసం నిజంగా ఆరాటపడే మనిషి కూర్చుని అడిగినప్పుడు మాత్రం ఆ మాట వెనక దాక్కోకండి.

ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఒక ఊపిరి తీసుకోవడం కూడా సాధన చేయండి. రాజు ఏం కావాలని అడిగినప్పుడు నెహెమ్యా పరలోకంలో ఉన్న దేవునికి ప్రార్థన చేసి, అప్పుడు రాజుకు జవాబు చెప్పాడు (నెహెమ్యా 2:4-5). రాజు ఎదుట నిలబడి ఉన్నవాడు మోకరించి గంటసేపు ప్రార్థించి ఉండడు. ఆ కొద్ది క్షణంలోనే అడిగాడు, ఆ క్షణం మనకూ దొరుకుతుంది.

4. డబ్బు, వస్తువులు, పని గంటలు

ఇక్కడ నియమాలు బైబిల్లో ఎంత స్పష్టంగా ఉన్నాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. సంచిలో పెద్ద రాయి ఒకటి, చిన్న రాయి ఒకటి పెట్టుకుని తూకం మోసం చేయొద్దని ద్వితీయోపదేశకాండము 25:13 చెబుతుంది. దొరికిన వస్తువును చూడనట్టు వెళ్లిపోకూడదు, యజమాని తెలియకపోతే వెతుక్కుంటూ వచ్చేదాకా మీ దగ్గర జాగ్రత్తపెట్టి తిరిగి ఇవ్వాలని అదే గ్రంథం 22:1-3 వచనాల్లో ఉంది. కొనేవాడు "బాగాలేదు, బాగాలేదు" అంటాడు, అవతలికి వెళ్లి గొప్పలు చెప్పుకుంటాడు అని సామెతలు 20:14 బేరమాడేవాళ్లను ఉన్నదున్నట్టు చూపించింది. ధర తగ్గించమని అడగడం తప్పు కాదు, మంచి వస్తువును చెడ్డదని నమ్మించడం తప్పు. పాత వస్తువు అమ్మేటప్పుడు ఉన్న లోపం కొనేవాళ్లు అడగకముందే చెప్పండి. ఎక్కువ ఇచ్చిన చిల్లర వెనక్కి ఇచ్చేయండి. బిల్లులో ఒక వస్తువు వేయడం మర్చిపోతే గుర్తుచేయండి.

పని విషయంలో కొలొస్సయి 3:22-23 కొలత: మనుషుల కంటికి కనబడేందుకు కాకుండా ప్రభువు కోసం అన్నట్టు చేయడం. హాజరు వేసి వెళ్లిపోవడం, చేయని పనికి గంటలు రాయడం, ఖర్చుల రసీదుల్లో సొంత ఖర్చు కలపడం, వేరేవాళ్లు చేసిన పనిని నా పని అని చూపించడం, ఉద్యోగ దరఖాస్తులో లేని అనుభవం రాయడం, ఇవన్నీ దీని కిందికే వస్తాయి. పని ఇచ్చేవాళ్లు అయితే యాకోబు 5:4 చదవండి. కూలి ఆలస్యం చేసి రేపు మాపు అంటూ తిప్పడం చిన్న విషయం కాదని అర్థమవుతుంది.

ఇతరుల డబ్బు మీ చేతి మీదుగా వెళ్తుంటే పౌలు పద్ధతి పాటించండి. యెరూషలేములోని పేదల కోసం చందా తీసుకువెళ్లేటప్పుడు ఆయన ఒంటరిగా వెళ్లలేదు, సంఘాలు ఎన్నుకున్నవాళ్లను వెంట పెట్టుకున్నాడు. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలోనూ యోగ్యంగా ఉండాలని కారణం చెప్పాడు (2 కొరింథీయులకు 8:18-21). అంతటి అపొస్తలుడు "నన్ను నమ్మరా?" అని అలగలేదు. సంఘం కానుకలు ఇద్దరు కలిసి లెక్కపెట్టడం, వెంటనే రాసి సంతకాలు చేయడం, లెక్క అడిగినవాళ్లకు చూపించడం నమ్మకం లేకపోవడం కాదు. లెక్కపెట్టేవాడికి అదే రక్షణ.

5. విశ్వాసుల మధ్య చెల్లిపోయే మాటలు

బయటివాళ్లతో జాగ్రత్తగా ఉండి, సంఘంలోకి రాగానే వదులుగా మాట్లాడటం మనకు తెలియకుండానే జరుగుతుంది. భక్తి మాటల్ని ఎవరూ ప్రశ్నించరు కాబట్టి వాటి వెనక దాక్కోవడం తేలిక.

"ప్రార్థన చేస్తాను" అన్న మాటతో మొదలుపెట్టండి. చేయగలిగితే అక్కడికక్కడే, ఫోన్ పెట్టేముందు, ఒక్క నిమిషం వాళ్లతో కలిసి ప్రార్థించండి. లేదా పేరు రాసుకోండి. రెండూ చేయనప్పుడు "మీ విషయం విని బాధగా ఉంది" అనండి, అది నిజం కదా. రావడం ఇష్టం లేనప్పుడు "ప్రార్థన చేసి చెప్తాను" అనడం, ముందే కాదని నిర్ణయించుకుని "దేవుని చిత్తమైతే చూద్దాం" అనడం దేవుని పేరును మన మొహమాటానికి వాడుకోవడం. మన సొంత ఆలోచనకు "దేవుడు నాతో చెప్పాడు" అని ముద్ర వేయడం అంతకంటే ప్రమాదం. "నాకు ఇలా అనిపిస్తోంది, మీరు కూడా పరీక్షించి చూడండి" అంటే సరిపోతుంది.

సాక్ష్యం చెప్పేటప్పుడు జ్వరం తగ్గితే తగ్గిందనే చెప్పండి, డాక్టర్లు చేతులెత్తేశారని కలపకండి. మందులు వాడితే వాడామని చెప్పండి. దేవుని కార్యానికి మన అతిశయోక్తి అవసరం లేదు. కూటానికి వచ్చినవాళ్ల సంఖ్య, బాప్తిస్మం పొందినవాళ్ల సంఖ్య చెప్పేటప్పుడు కూడా ఇంతే. ఎవరో చెప్పిన అనుభవాన్ని తన అనుభవంగా ప్రసంగంలో చెప్పడం ఎంత మందిని కదిలించినా మోసమే. ఫోన్‌కు వచ్చే అద్భుతాల కథలు, హింస వార్తలు ముందుకు పంపేముందు, లేని వార్తను పుట్టించకూడదన్న నిర్గమకాండము 23:1 గుర్తుచేసుకోండి. నిజమో కాదో తెలుసుకోలేకపోతే పంపకండి.

6. జారిన తర్వాత దిద్దుకోవడం

అసలు శిక్షణ ఇక్కడే జరుగుతుంది. రాత్రి దేవుని దగ్గర క్షమాపణ అడిగి పడుకుంటే అలవాటు మారదు. వెనక్కి వెళ్లి మనిషికి చెప్పినప్పుడు మారుతుంది. ఎందుకంటే అబద్ధంతో తప్పించుకున్న ఇబ్బంది అప్పుడు మన ముందుకు మళ్లీ వస్తుంది. రెండు మూడుసార్లు ఇలా చేసేసరికి నాలుక తనంతట తానే జాగ్రత్త పడుతుంది.

దేవుడు దీన్ని ఆరాధనతోనే ముడిపెట్టాడు. లేవీయకాండము 6:1-7 ప్రకారం మోసంగా తీసుకున్నవాడు అసలు మొత్తానికి ఐదో వంతు కలిపి యజమానికి ఇచ్చేయాలి, అదీ తన అపరాధ పరిహార బలి తెచ్చిన రోజే. బలిపీఠం దగ్గర అర్పణ వదిలి ముందు సహోదరునితో సమాధానపడి రమ్మని ప్రభువు అన్నాడు (మత్తయి 5:23-24). జక్కయ్య అయితే ఐదో వంతు దగ్గర ఆగలేదు, దొంగిలించిన గొర్రెకు నాలుగు గొర్రెలివ్వాలన్న నిర్గమకాండము 22:1లోని కఠినమైన కొలతను తనకు తాను వేసుకున్నాడు.

చిన్న మాటలకు పద్ధతి ఇది. అదే సంభాషణలో గుర్తొస్తే అక్కడే ఆపండి: "ఆగండి, ఇప్పుడు నేను చెప్పింది సరిగ్గా లేదు." తర్వాత గుర్తొస్తే అదే రోజు చెప్పండి. మూడు ముక్కలు చాలు: నేను ఏం చెప్పాను, నిజం ఏమిటి, క్షమించండి. "పొద్దున దారిలో ఉన్నానని చెప్పాను. అప్పటికి ఇంకా బయలుదేరలేదు. అబద్ధం చెప్పాను, క్షమించండి." ఇందులో "కానీ" అన్న మాట రాకూడదు. ట్రాఫిక్ గురించీ, ఇంట్లో పరిస్థితి గురించీ చెప్పడం మొదలుపెడితే క్షమాపణ వాదనగా మారిపోతుంది. క్షమించమని బలవంతం చేయకండి, జవాబు కోసం ఎదురుచూస్తూ నిలబడకండి.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో ఎలీషా ప్రవక్త సేవకుడు గేహజీ చూపించాడు (2 రాజులు 5). ఎలీషా మాటతో కుష్ఠు నయమైన సేనాధిపతి నయమాను దగ్గర ఒక కట్టుకథ చెప్పి వెండి, బట్టలు తెచ్చుకున్నాడు. ఎలీషా "ఎక్కడ నుంచి వచ్చావు" అని అడిగాడు. ఆ ప్రశ్న ఒప్పుకోవడానికి తెరిచిన తలుపు. "ఎక్కడికీ వెళ్లలేదు" అని గేహజీ దాన్ని మూసేశాడు. మొదటి అబద్ధాన్ని కాపాడటానికి రెండోది కావాల్సి వచ్చింది. ఎవరైనా మిమ్మల్ని ఇలాంటి ప్రశ్న అడిగినప్పుడు టెన్షన్ పడకండి, అది దయ అనుకోండి.

డబ్బు విషయంలో తీసుకున్నదానికి కొంత కలిపి తిరిగి ఇవ్వండి. యజమాని లేకపోతే, తీసుకోవడానికి బంధువు కూడా లేకపోతే ఆ సొమ్ము యెహోవాకు చెల్లించాలని సంఖ్యాకాండము 5:5-8 చెబుతుంది. అక్కడ అది యాజకునికి చెందేది. అదే స్ఫూర్తితో పేదలకు ఇవ్వవచ్చు. ఏ దారిలో వెళ్లినా ఆ సొమ్ము మన దగ్గర మిగలకూడదు.

అన్నీ అందరికీ చెప్పాల్సిన అవసరం లేదు. ఎవరి గురించైనా మనసులో చెడుగా అనుకుని, వాళ్లకు ఆ సంగతే తెలియకపోతే, దేవుని దగ్గర ఒప్పుకోవడం చాలు. మన భారం దించుకోవడానికి వాళ్ల మీద కొత్త భారం వేయకూడదు. మూడో మనిషికి హాని జరిగే సందర్భాల్లో, చట్టంతో ముడిపడిన పెద్ద విషయాల్లో ముందు పాస్టర్ గారితో, తెలిసిన లాయరుతో మాట్లాడండి. సలహా కోసం వెళ్లడం వాయిదాకు సాకు కాకుండా తేదీ పెట్టుకోండి.

7. పైవాళ్లు అడిగినప్పుడు, పిల్లలు చూస్తున్నప్పుడు

"ఆయన మీటింగ్‌లో ఉన్నారని చెప్పు", "నిన్నటి తేదీ వేసెయ్" అని పై అధికారి అంటే వాదనకు దిగనక్కర్లేదు. "సర్, అలా రాయలేను. ఈ రోజు తేదీతోనే, ఆలస్యానికి కారణం రాసి పంపనా?" అని నిజమైన ఇంకో దారి చూపించండి. దానియేలు రాజు భోజనం వద్దన్నప్పుడు పది రోజుల పరీక్ష తనే ప్రతిపాదించాడు (దానియేలు 1:12). చాలాసార్లు దారి దొరుకుతుంది. దొరకనప్పుడు నష్టం ఉంటుంది. ప్రమాణం చేసి నష్టం కలిగినా మాట తప్పనివాణ్ణి 15వ కీర్తన మెచ్చుకుంటుంది, నష్టం రాదని మాత్రం చెప్పదు.

పిల్లల్ని మన అబద్ధాలకు వాడుకోకూడదు. "నాన్న లేరని చెప్పు" అన్న ఒక్క మాటతో ఎన్నో ఆదివారపు పాఠాలు కొట్టుకుపోతాయి. అబ్రాహాము చెప్పిన "చెల్లెలు" అన్న అబద్ధాన్నే ఇస్సాకు కూడా, అదే గెరారులో చెప్పాడు (ఆదికాండము 26:7). పిల్లలు తప్పు చేసి నిజం చెప్పినప్పుడు, తప్పుకు దిద్దుబాటు ఉన్నా, నిజం చెప్పినందుకు సంతోషం వాళ్లకు కనిపించాలి. మీరు వాళ్లకిచ్చిన మాట తప్పితే పెద్దవాళ్లకు చెప్పినట్టే వాళ్లకూ క్షమించమని చెప్పండి.

8. అతి అనుమానం పట్టుకుంటే

కొందరికి ఈ సాధన ఇంకో దిక్కుకు మళ్లుతుంది. చెప్పిన ప్రతి మాటనూ తిరగేసి చూసుకోవడం, "బహుశా" లేకుండా ఒక్క వాక్యం కూడా చెప్పలేకపోవడం, అదే విషయానికి మళ్లీ మళ్లీ క్షమాపణ చెప్పడం, నిద్రపట్టకపోవడం. మార్టిన్ లూథర్ సన్యాసిగా ఉన్న రోజుల్లో గంటల తరబడి పాపాలు ఒప్పుకుంటూ, ఇంకా ఏదో మర్చిపోయానని భయపడేవాడు. పుదీనాలోనూ జీలకర్రలోనూ పదో వంతు లెక్కపెట్టి న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ వదిలేయడాన్ని ప్రభువు గద్దించాడు (మత్తయి 23:23). ఆ లెక్కలు దేవునికి దగ్గర చేయవు. మీలో ఈ లక్షణాలు కనిపిస్తే నోట్‌బుక్ కొంతకాలం పక్కన పెట్టండి. ఒకే విషయం మీద ఒకసారి ఒప్పుకుంటే చాలని పెట్టుకోండి, పాస్టర్ గారికి చెప్పండి, తగ్గకపోతే డాక్టరును కలవండి. ఇది విశ్వాసం తక్కువ కావడం వల్ల వచ్చేది కాదు.

9. ముందుకు తీసుకువెళ్లడం

రెండో వారం నుంచి ఒక్క సందర్భాన్నే తీసుకోండి, అన్నిటినీ ఒకేసారి పట్టుకోవద్దు. మీ నోట్‌బుక్‌లో ఎక్కువసార్లు కనిపించినది ఏదో అదే. దానికి ఒక వాక్యం తయారు చేసుకుని పైకి అనడం, జారితే ఆ రోజే దిద్దుకోవడం, ఇంతే పని. అది కాస్త సులువయ్యాక రెండోదానికి వెళ్లండి.

మీతో రోజూ మాట్లాడే ఒక మనిషికి, భార్య గానీ భర్త గానీ స్నేహితుడు గానీ, ముందే అనుమతి ఇవ్వండి: "నేను ఎక్కువ చేసి చెబుతున్నట్టు అనిపిస్తే వెంటనే అడుగు, నేను కోప్పడను." వాళ్లు నిజంగా అడిగిన మొదటిసారి మీకు కోపం వస్తుంది. అప్పుడు ఒక ఊపిరి తీసుకుని, "అవును, ఎక్కువ చేసి చెప్పాను. జరిగింది ఇంతే" అని చెప్పి, జరిగింది మళ్లీ మొదటి నుంచి చెప్పండి.